ఇంట్లో జడ రొట్టె (హల్లా): మూడుసార్లు చేశాను, పాయలు కలిసిపోతున్నాయి, పైన మాడి లోపల పచ్చిగా ఉంటోంది

బుగ్గవంక (కడప):

అందరికీ నమస్తే. మా పిన్ని ఎనిమిదేళ్లు ఇజ్రాయెల్‌లో ఒక ముసలావిడ దగ్గర కేర్‌గివర్‌గా పనిచేసి, ఆవిడ చనిపోయాక ఈ ఫిబ్రవరిలో ఇంటికి వచ్చేసింది. శుక్రవారం సాయంత్రమైతే చాలు, ఆ ఇంట్లో తినే జడ రొట్టె మాటే ఎత్తుతుంది. అది యూదుల రొట్టె, పేరు హల్లా, పిన్ని మాత్రం ఖలా అని గొంతులోంచి పలుకుతుంది. "మన బేకరీ బ్రెడ్డు మాదిరి పొడిపొడిగా రాలదు, పాయ పట్టుకుని లాగితే పీచులు పీచులుగా వస్తాది, కొంచెం తీపి ఉంటాది, పైన నువ్వులు చల్లతారు" అంటుంది. ఆ ముసలావిడకు చేతులు వణకడం మొదలయ్యాక చివరి మూడేళ్లు పిండి పిసికి జడ అల్లింది మా పిన్నే. ఇప్పుడు పిన్నికి కుడి మణికట్టు నొప్పి, డాక్టర్ చేతికి శ్రమ ఇవ్వొద్దన్నారు. అందుకని తను పక్కన కుర్చీలో కూర్చుని చెప్తుంటే నేను చేస్తున్నాను. మూడుసార్లూ పాడైంది. తను ఏమీ అనలేదు గానీ మూడోసారి ముఖం చూసి నాకే బాధేసింది.

చేసింది ఉన్నదున్నట్టు రాస్తాను, తప్పెక్కడో చెప్పండి. పిన్ని లెక్క ప్రకారం ఒక పిండి ప్యాకెట్టుకు ఒక ఈస్టు ముక్క. అక్కడ ప్యాకెట్టు అంటే కిలో, ఈస్టు ముక్క 50 గ్రాములు. అది వెన్నముక్క మాదిరి మెత్తగా ఉండేదట, నాకు ఏడు రోడ్ల వైపు అంగట్లో సన్న గింజల ఈస్టు దొరికింది. నేను అర కిలో మైదాకు 25 గ్రాములు వేశాను. 2 గుడ్లు, అర కప్పు చక్కెర, బుడ్డల (వేరుశెనగ) నూనె పావు కప్పు, చిటికెడు ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. పిసికి మూతపెట్టి గంటన్నర ఉంచాను (పిన్ని చెప్పిన టైము). గంటన్నరకు పిండి గిన్నె దాటి పొంగి మళ్లీ మధ్యలో కుంగిపోయింది, కల్లు వాసన. అయినా మూడు పాయలు చేసి అల్లి ఇంకో ముప్పావు గంట ఉంచితే జడ పరుచుకుపోయి చపాతీ కర్ర మీదుగా వెళ్లినట్టు అయింది. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) 28 లీటర్లది, 220 డిగ్రీల మీద 25 నిమిషాలు పెట్టాను. పైన నల్లగా మాడింది, కోస్తే మధ్యలో పచ్చి పిండి.

ఇంకో సంగతి. మా నాయనమ్మ గుడ్డు తినదు. గుడ్డు లేకుండా చేస్తే అది హల్లానే అవుతుందా, లేక ఉత్త బ్రెడ్డు అవుతుందా?

తుంగభద్ర_తీరం (కర్నూలు):

బుగ్గవంక గారూ, మీ పోస్టు చదువుతుంటే ఈస్టు దగ్గరే ఆగిపోయాను. మీ పిన్ని చెప్పిన 50 గ్రాముల ముక్క పచ్చి ఈస్టు, దాంట్లో చాలావరకు నీళ్లే. మీరు వాడింది ఎండబెట్టిన ఇన్‌స్టంట్ ఈస్టు. పచ్చిది 3 గ్రాములైతే ఎండుది 1 గ్రాము సరిపోతుంది. అంటే పిన్ని లెక్కలో అర కిలోకు 25 గ్రాముల పచ్చి ఈస్టు, మీ గింజల్లో 8 గ్రాములు. మీరు మూడింతలు వేశారు. ఆ కల్లు వాసన కూడా అందుకే, ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు, గ్యాసు వదులుతుంది, పులుపెక్కిన పిండిలో జిగురు తెగి గ్యాసు నిలవదు, ఇక జడ ఎలా నిలబడుతుంది? పిన్ని చేతిలో లోపం లేదు, మీ చేతిలోనూ లేదు, ముందు ఆ బాధ తీసేయండి.

రెండోది ఎండ. నేను ఆరేళ్లుగా ఇంట్లో బ్రెడ్డు చేసి తెలిసినవాళ్లకు ఇస్తున్నాను, ఏప్రిల్, మే నెలల్లో నేను పాడుచేసినంత పిండి మిగతా ఏడాదంతా కలిపినా ఉండదు. అక్కడి వంటింట్లో గంటన్నర అంటే మన వంటింట్లో 38 డిగ్రీల దగ్గర ముప్పావు గంట కూడా కాదు. అందుకని ఎండాకాలంలో అర కిలోకు 4, 5 గ్రాములు చాలు. నీళ్లు గోరువెచ్చగా అస్సలు వద్దు, ఫ్రిజ్ నీళ్లు పోయండి, గుడ్లు కూడా ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేయండి. పిసకడం అయ్యేసరికి ముద్ద 25, 26 డిగ్రీలు ఉంటే మంచిది, చెంపకు ఆనించి చూస్తే చల్లగా అనిపించాలి. గడియారం చూడకండి, గిన్నెకు బయట రబ్బరు బ్యాండు వేసి పిండి ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, రెట్టింపు అయితే అయినట్టే, 40 నిమిషాలకైనా సరే.

ఇంకా మంచి పద్ధతి, నేను ఎండాకాలమంతా చేసేది ఇదే: గురువారం రాత్రి పిసికి, నూనె రాసిన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పది, పన్నెండు గంటల్లో నిదానంగా పొంగుతుంది, రుచి కూడా ఎక్కువ వస్తుంది, పైగా చల్లటి పిండితో పాయలు చేయడం చాలా సులువు, చేతికి అంటదు. కరెంటు పోయినా రెండు గంటలు ఫ్రిజ్ తెరవకుంటే ఏమీ కాదు.

కొలతలు నావి చెప్తాను, కప్పులు వద్దు, తూకం వేయండి. మైదా 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 5, చక్కెర 60, ఉప్పు 9 (మీరు చిటికెడు వేశారు, అది చాలదు, ఉప్పు రుచికే కాదు, ఈస్టు దూకుడును కూడా ఆపుతుంది), గుడ్లు 2, నూనె 65 గ్రాములు, నీళ్లు 160తో మొదలుపెట్టి కావలిస్తే ఇంకో 15. మన మైదాలో ప్రొటీను 10 శాతం దగ్గర ఉంటుంది, బ్రెడ్డు పిండిలో 12 పైన, అందుకని మన మైదా తక్కువ నీళ్లు పీలుస్తుంది, ఒకేసారి పోసేస్తే జారుగా అయి జడ పరుచుకుంటుంది. నూనె సంగతి నా అభిప్రాయం మాత్రమే, బుడ్డల నూనె వాసన రొట్టెలో పైకి తేలుతుంది, సన్‌ఫ్లవర్ వాడి చూడండి.

పిసకడం చేత్తో అయితే 12 నుంచి 15 నిమిషాలు, ఇక్కడ తొందరపడితే పిన్ని చెప్పిన పీచు రాదు. ఓళిగలకు మైదా పిసికి నూనెలో నానబెడతాం కదా, తీస్తే చిరగకుండా సాగుతుంది, అలాంటి సాగుడు కావాలి. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో పల్చగా సాగదీసి వెలుతురుకు పట్టండి, చిరగకుండా వేళ్ల నీడ కనిపిస్తే అయిపోయినట్టు.

ఓవెన్ 220 మరీ ఎక్కువ. చక్కెర, గుడ్డు ఉన్న పిండి తొందరగా ఎర్రబడుతుంది. 175లో పెట్టండి, కింది అర మీద, పైన రాడ్డుకు దూరంగా. 15 నిమిషాలకు రంగు వచ్చేస్తే పైన అల్యూమినియం కాగితం వదులుగా కప్పండి. మొత్తం 30 నుంచి 35 నిమిషాలు. అడుగున తట్టితే బోలు శబ్దం రావాలి, థర్మామీటరుంటే లోపల 90 డిగ్రీలు.

రాయచోటి_మల్లి:

చెల్లీ, నేను కూడా ఇజ్రాయెల్‌లోనే బ్నెయ్ బ్రాక్‌లో ఆరేళ్లు అదే పని చేసి వచ్చినదాన్నే. మీ పిన్ని శుక్రవారం సాయంత్రం ఎందుకు తలుచుకుంటుందో నాకు తెలుసు. వారమంతా ఆ ముసలివాళ్లు మందులు, డాక్టర్లు, నొప్పులు అంటూ ఉంటారు, శుక్రవారం పొద్దు వాలేముందు తెల్ల గుడ్డ పరిచి, దీపాలు వెలిగించి, రెండు రొట్టెలు పెట్టగానే వేరే మనుషులైపోతారు. రెండే ఎందుకంటే, మన బైబిల్లో నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఉంది కదా, అరణ్యంలో మన్నా రోజూ ఆ ఒక్క రోజుకు సరిపడా, ఆరో రోజు మాత్రం విశ్రాంతి దినానికి కూడా కలిపి రెండింతలు దొరికేది. ఆ రెండింతలకు గుర్తు. నువ్వులో గసగసాలో చల్లేది కూడా ఆ మన్నాకు గుర్తుగానే అని నేను చూసుకున్న ముసలావిడ, మా అమ్మగారు, చెప్పేది. నేను చదివిన వచనం ఆ ఇంట్లో రొట్టె రూపంలో కనిపించిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

రొట్టె మీద గుడ్డ కప్పుతారు. మొదట ద్రాక్షరసం మీద ప్రార్థన చెప్తారు, తన కంటే ముందు ఇంకొకదానికి గౌరవం ఇస్తే రొట్టె చిన్నబుచ్చుకుంటుందని అప్పటిదాకా కప్పి ఉంచుతారట. ఆ తర్వాత చేతులు కడుక్కొని, గుడ్డ తీసి, ప్రార్థన చెప్పి, ముక్క కోసి ఉప్పులో అద్ది అందరికీ ఇస్తారు. పిన్నికి పెట్టేటప్పుడు పక్కన చిన్న గిన్నెలో ఉప్పు పెట్టు, అడక్కుండానే అద్దుకుంటుంది చూడు.

హల్లా అనే పేరు అసలు రొట్టెది కాదు. సంఖ్యాకాండము 15లో మొదటి పిండి ముద్దలోంచి దేవునికి ప్రతిష్ఠించమని ఉంది, ఆ తీసిపెట్టే ముక్క పేరది. ఇప్పుడు యెరూషలేములో వాళ్ల గుడి లేదు కాబట్టి ఆ ముక్కను కాగితంలో చుట్టి ఓవెన్‌లో కాల్చేస్తారు. కిలో పిండికి తీయరు, దాదాపు 1.2 కిలోలు దాటితేనే తీస్తారు. ఇంకోటి, గుడ్లు నేరుగా పిండిలో కొట్టరు, ఒక్కొక్కటి గాజు గ్లాసులో పగలగొట్టి రక్తపు చుక్క ఉందేమో చూస్తారు, ఉంటే ఆ గుడ్డు పారేయాల్సిందే. మా అమ్మగారికి చూపు ఆనేది కాదు, ఆ పని నాది. పిండి కూడా నేనే పిసికేదాన్ని, ఓవెన్ వెలిగించడం మాత్రం ఆవిడే చేయాలి, అది వాళ్ల నియమం. వాకర్ పట్టుకుని వచ్చి స్విచ్ తిప్పి వెళ్లేది. మీ పిన్నిని అడుగు, వాళ్లింట్లోనూ అలాగే ఉండి ఉంటుంది.

పాలూ వెన్నా వేయకండి, తుంగభద్ర గారు సరిగ్గానే నూనె చెప్పారు. శుక్రవారం రాత్రి కోడి సూపో మాంసమో ఉంటుంది, మాంసంతో పాలు కలపరు, అందుకే ఈ రొట్టెలో నూనె.

గుడ్డు లేకుండా హల్లా అవుతుందా అన్నావు కదా, అవుతుంది. మా పక్కింటి వాళ్లు మొరాకో నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల రొట్టెలో చక్కెర అంతంత మాత్రం, గుడ్డు దాదాపు ఉండేది కాదు. తీపి, గుడ్డు ఎక్కువైతే అది రొట్టె కాక కేకు లెక్క అవుతుందని, ప్రార్థన కూడా మారిపోతుందని వాళ్లు అనేవాళ్లు. పోలండు, రష్యా వైపు నుంచి వచ్చినవాళ్లది గుడ్డు రొట్టె. మీ నాయనమ్మ తినేదీ అసలైనదే.

అనంత_వంటిల్లు (అనంతపురం):

మల్లి అక్క రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో గుడ్డు రాదు కాబట్టి ఆ సంగతి నేను చెప్తాను అక్కా. జర్మనీ యూదులు బెర్షెస్ అని ఒక జడ రొట్టె చేస్తారు, గుడ్డు ఉండదు, కొంతమంది ఉడికించిన ఆలుగడ్డ కలుపుతారు, పైన గసగసాలు. నేను దాన్ని పట్టుకునే చేస్తున్నాను. అర కిలో మైదాకు ఉడికించి చిదిమిన ఆలుగడ్డ 100 గ్రాములు, పూర్తిగా చల్లారాక కలపండి, ఒక్క ఉండ కూడా మిగలకూడదు, జల్లెడలో రుద్దితే మేలు. ఆలుగడ్డలోనే నీళ్లుంటాయి కాబట్టి నీళ్లు 200 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే చెంచా చెంచాగా పోయండి. మూడు రోజులైనా మెత్తగా ఉంటుంది. రంగు కావాలంటే గోరంత పసుపు, అంతకు మించి వేస్తే వాసన వస్తుంది. పైన గుడ్డు బదులు, ఓవెన్‌లోంచి తీసిన వెంటనే తేనె, నీళ్లు, చుక్క నూనె కలిపి పూయండి. ఓవెన్‌లోకి పెట్టేముందు తేనె పూయకండి, మాడుతుంది.

ఇక జడ. ఆడపిల్లకు జడ వేసినట్టు బిగించి లాగడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పిండికి అవతలికి పొంగడానికి చోటు కావాలి, వదులుగా, పక్కన పడుకోబెట్టినట్టు అల్లండి. పాయలు తూకం వేసి సమానంగా తీసుకోండి, ఒక్కొక్కటి మధ్యలో లావు, చివర్లు సన్నగా. సాగదీస్తే వెనక్కి ముడుచుకుంటుందా, బలవంతం చేయకుండా గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి, తర్వాత అదే సాగుతుంది. పాయల మీద చిటికెడు పొడి మైదా చల్లి అల్లితే కాలాక గీతలు విడివిడిగా కనిపిస్తాయి. బల్ల మీద మాత్రం మైదా వద్దు, పాయ జారి పొడుగు కాదు.

మూడు పాయలు అయితే మధ్యలోంచి మొదలుపెట్టి ఒక కొసకు, మళ్లీ తిప్పి రెండో కొసకు అల్లండి, రెండు వైపులా ఒకేలా వస్తుంది. చెయ్యి కుదిరాక నాలుగు కాళ్ల జడ వేసి చూడండి, చాలా తేలిక: ఎప్పుడూ కుడి చివరి పాయనే తీసుకుని, పక్కదాని మీదుగా, తర్వాతదాని కిందుగా, చివరిదాని మీదుగా ఎడమకు పంపాలి, మళ్లీ కుడి చివరిది. ఆరు పాయలైతే కుడి చివరిది తీసి రెండింటి మీదుగా, ఒకదాని కిందుగా, రెండింటి మీదుగా. నేను ముందు ఆరు రంగుల రిబ్బన్లతో నేర్చుకున్నాను, పిండితో నేరుగా కూర్చుంటే అల్లేలోపు పొంగిపోతుంది, మన ఎండలో మరీను.

బుగ్గవంక (కడప):

మీ ముగ్గురికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈస్టు సంగతి పిన్నికి చెప్తే "అయ్యో, నేనే ముక్క ముక్క అంటా ఉంటి" అని నొచ్చుకుంది, తూకం నేను చూసుకోవాల్సిందని చెప్పాను. మల్లి అక్కా, మీ పోస్టు చదివి వినిపించాను. ఓవెన్ స్విచ్ దగ్గరికి వచ్చేసరికి పిన్ని "మా ఆవిడా అంతే, నా చెయ్యి పట్టుకుని వచ్చి వెలిగించేది" అని చెప్పి కాసేపు మాట్లాడలేదు. 

గురువారం రాత్రి పిసికి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే సరిగ్గా రెట్టింపు, వాసన తియ్యగా ఉంది. రెండు జడలు, ఒక్కొక్క పాయ 150 గ్రాములు. పాయలు కలవలేదు, రంగు బాగా వచ్చింది, లోపల కాలింది. ఒక్కటే లోపం, పాయల మధ్య తెల్లగా చీలి పక్కకు విచ్చుకుంది, ముఖ్యంగా ఒక పక్క. అల్లాక భయపడి 25 నిమిషాలకే ఓవెన్‌లో పెట్టేశాను, అదేనా కారణం?

తుంగభద్ర_తీరం (కర్నూలు):

అదే కారణం. ఇంతకుముందు ఎక్కువ పొంగింది, ఇప్పుడు తక్కువ. ఫ్రిజ్ పిండి లోపల ఇంకా చల్లగా ఉంటుంది, పైన పొర గట్టిపడ్డాక లోపలిది ఓవెన్ వేడికి ఒక్కసారిగా ఉబ్బి బలహీనంగా ఉన్నచోట చీలుతుంది. అల్లాక వేలితో మెల్లగా నొక్కి చూడండి, వెంటనే పైకి వచ్చేస్తే ఇంకా టైముంది, గుంట నిదానంగా సగం వరకు పూడితే పెట్టేయొచ్చు. మీ వంటింట్లో ఫ్రిజ్ పిండికి 45 నుంచి 60 నిమిషాలు పట్టొచ్చు. గుడ్డు రెండుసార్లు పూయండి, అల్లగానే ఒకసారి, ఓవెన్‌లో పెట్టేముందు ఇంకోసారి, సందుల్లోకి కూడా కుంచె పోవాలి, అప్పుడు ఆ తెల్ల గీతలు కూడా రంగు తేరతాయి. ఒక పక్కే ఎక్కువ చీలిందంటే ఓవెన్ వెనక వైపు వేడి ఎక్కువ, 20వ నిమిషంలో ట్రే తిప్పి పెట్టండి.

బుగ్గవంక (కడప):

ఈ శుక్రవారం అలాగే చేశాను. వేలితో నొక్కి చూస్తూ 50 నిమిషాలు ఆగాను, ట్రే తిప్పాను. ఒక్క చీలిక లేదు. రెండోది నాయనమ్మ కోసం ఆలుగడ్డతో, గసగసాలు చల్లి. ఓవెన్ పిన్ని చేతే వేయించాను. సాయంత్రం పిన్ని పెట్టెలోంచి కుట్టుపని చేసిన తెల్ల గుడ్డ ఒకటి తీసింది, ఆ ముసలావిడ ఇచ్చిందట, ఇన్నాళ్లూ మాకెవరికీ చూపించలేదు. రెండు రొట్టెల మీదా కప్పింది. కొయ్యకుండా చేత్తో పాయ పట్టుకుని లాగింది, పీచులు పీచులుగా వచ్చింది. ఉప్పులో అద్దుకుని, తర్వాత నాటుకోడి పులుసుతో తిన్నాం. నాయనమ్మ ఆలుగడ్డ రొట్టె పాలల్లో ముంచుకుని రెండు ముక్కలు తినింది.

మిగిలిన సగం రొట్టె ఉంది, బయట పెడితే ఎన్ని రోజులు ఉంటుంది?

అనంత_వంటిల్లు (అనంతపురం):

ఈ వేడిలో బయట రెండో రోజుకే బూజు పట్టొచ్చు అక్కా, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ముక్కలు కోసి గాలి చొరని కవర్లో ఫ్రీజర్‌లో పెట్టండి, కావలసినప్పుడు పెనం మీద వేడి చేసుకోవచ్చు. లేకపోతే డబుల్ కా మీఠా చేయండి, మామూలు బ్రెడ్డు పాకంలో చితికిపోతుంది, ఇది నిలబడుతుంది. నేను ఒకసారి ఆలుగడ్డ రొట్టెతో చేశాను, ఇక మామూలు బ్రెడ్డుతో చేయాలనిపించడం లేదు.

రాయచోటి_మల్లి:

సెప్టెంబరు దగ్గర వాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది, అప్పుడు జడ పొడుగ్గా కాకుండా గుండ్రంగా చుట్టి, ఎండుద్రాక్ష కలిపి, ఉప్పు బదులు తేనెలో అద్దుకుంటారు. అప్పటికి ఎండలు కూడా తగ్గుతాయి. పిన్నికి షబ్బత్ షలోమ్ (విశ్రాంతి దినం శుభాకాంక్షలు) చెప్పు చెల్లీ. నా నంబరు నీకు విడిగా మెసేజ్ చేస్తాను, మాట్లాడాలనిపిస్తే ఏ శుక్రవారమైనా ఫోన్ చేయమను, హీబ్రూలో మాట్లాడి నాకూ చాలా రోజులైంది.